సవరం మోయలేని జుట్టు

"ప్రాణం దక్కింది కదా, జుట్టుదేముంది, మళ్ళీ వస్తుంది" అని ఆ ఏడాది నాతో అనని మనిషి అరకులో లేడు. పాలు పోసే అతను అన్నాడు. మా హెడ్మిస్ట్రెస్ అంది. తన జడని ముందుకి వేసుకుని కొస సవరించుకుంటూ మా ఆడపడుచు అంది. అందరికీ నాది ఒకటే జవాబు: "మీది ఊడినప్పుడు చెప్పండి, ఈ మాట." అది మర్యాదైన జవాబు కాదని నాకు తెలుసు. కానీ వాళ్ళు నోరు మూసుకునేవారు, నాకు కావలసింది అదే.

ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. జబ్బు తగ్గి నాలుగేళ్ళయింది. జుట్టు భుజాలు దాటింది. మునుపంత ఒత్తుగా లేదు, ఉండదు కూడా. మొన్న మా బడిలో పనిచేసే ఒకావిడ చెల్లెలికి టైఫాయిడ్ వచ్చి తగ్గి, రెండు నెలల తర్వాత జుట్టు రాలడం మొదలైందట. ఆ పిల్ల ఫోన్లో ఒకటే ఏడుపు. అరగంట మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక, ఈ అరగంట నాకు అప్పట్లో ఎవరూ ఇవ్వలేదే అనిపించింది. అందుకని ఇది.

నేను అరకు దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచర్ని. పుట్టింది పార్వతీపురంలో, చదివింది బీయస్సీ, బీయెడ్. మా ఆయన కాఫీ తోటల ఆఫీసులో గుమాస్తా. మా అత్తగారిది విజయనగరం, మామగారు పోయాక మా దగ్గరే ఉంటోంది. ఇంట్లో నేను మాట్లాడతాను, ఆవిడ మాట్లాడుతుంది, ఆయన రేడియో వింటారు.

ఆగస్టు

అది రెండు వేల మూడు. వానలు గట్టిగా పట్టిన నెల. మా వైపు మలేరియా అంటే చుట్టం లాంటిది, ఏటా వస్తుంది, నాలుగు రోజులుండి పోతుంది. కాబట్టి నేనేమీ లెక్కచెయ్యలేదు. బిళ్ళ వేసుకుని బడికి వెళ్ళాను. మూడో రోజు హాస్టలు వరండాలో పడిపోయానట. ఆ తర్వాత ఆరు రోజులు నా దగ్గర లేవు. జ్వరం తలకెక్కింది అన్నారు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి జీపులో తీసుకెళ్ళారు.

ఆ ఆరు రోజుల గురించి నాకు తెలిసిందంతా తర్వాత విన్నదే. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఒక కొసన మా అత్తగారు, ఇంకో కొసన మా ఆయన. "జొరంతో ఉన్న మనిషిని బడికి ఎలా పంపించీసినావురా?" అని ఆవిడ రోజుకి నాలుగుసార్లు అడిగిందట. నన్ను ఎవరైనా పంపించగలరా, ఆపగలరా? అది ఆవిడకీ తెలుసు. అయినా ఎవరో ఒకర్ని అనాలి కదా. ఆ మాటలు ఆయన పడ్డారు.

నాకు మెలకువ వచ్చాక మొదట గుర్తున్నది ఒక అరచెయ్యి. పక్క మంచం రోగితో పాడేరు కొండల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ. తెలుగు సరిగ్గా రాదు. నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళేటప్పుడు నా నుదుటి మీద చెయ్యి వేసేది, వచ్చేటప్పుడు మళ్ళీ వేసేది. ఆ చెయ్యి చల్లగా, గరుగ్గా ఉండేది. ఎప్పుడు నీళ్ళయిపోతాయా అని చూసేదాన్ని.

మొత్తం ఇరవై రోజులు. అన్ని రోజులూ నా జుట్టు ఎవరూ ముట్టుకోలేదు. చేర్చిన రోజున మా అత్తగారు నూనె రాసి, బిగించి ముడి వేసింది. ఆ ముడి అలాగే తలకింద నలిగింది.

సెప్టెంబరు

ఇంటికి వచ్చాను. గోడ పట్టుకుని నడిచే ఓపిక. మొదటి కోరిక, తల దువ్వుకోవాలని. దువ్వెన చేతిలోకి తీసుకున్నానో లేదో మా అత్తగారు వచ్చి లాక్కుంది.

"ఏటే, తల దువ్వీసుకుంటావేటి? జొరం ఇంకా తలలోంచి దిగనేదు. పత్యం పెట్టి, తలకి పోసీదాకా దువ్వెన ముట్టుకోకు. తిరగబెడతాది."

"జ్వరానికీ దువ్వెనకీ ఏమిటి సంబంధం అత్తయ్యా? దోమ కుడితే వచ్చిందది."

"దోమే. ఆ దోమ నీ కాలేజీలో సదివిందేటి, నీ మాట ఇనడానికి?"

వాదించడానికి గొంతు లేదు. పడుకున్నాను. మా అత్తగారి చేతిలో వాదన ఓడిపోవడం అదే మొదలు. ఇంకో పదిహేను రోజులు ఆ ముడి అలాగే ఉంది. తలకి పోసే రోజున విప్పబోతే విప్పడానికి ముడి లేదు. కొబ్బరి పీచు ఉండలా, అట్ట కట్టిన ఒక ముద్ద. వేలు దూరదు. మా అత్తగారు చూసి, పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. కత్తెర తప్పదని ఇద్దరికీ అర్థమైంది.

కత్తెర వద్దన్నది మా ఆయన. సంతలో కొన్న వలిసె నూనె సీసా, గోనెసంచులు కుట్టే దబ్బనం పట్టుకొచ్చారు. వరుసగా నాలుగు మధ్యాహ్నాలు నన్ను ముందు కూర్చోబెట్టుకుని, దబ్బనం మొనతో కొస నుంచి ఒక్కొక్క వెంట్రుకా విడదీశారు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన నా తల అంతసేపు ముట్టుకున్నది అప్పుడే. మధ్యలో ఒకసారి, "నొప్పెడితే చెప్పు" అన్నారు. నొప్పెట్టింది. చెప్పలేదు.

నాలుగో రోజు సాయంత్రానికి ఇంకా కొంచెం మిగిలింది. రేపు చూద్దామని ఆయన లేచారు. నాకు ఆగే గుణం లేదు. పేలదువ్వెన తీసుకుని మిగిలింది నేనే లాగేశాను. సగం చిక్కు వచ్చింది, సగం జుట్టు వచ్చింది. ఇది చదివేవాళ్ళకి ఒక మాట. ఎవరైనా ఓపిగ్గా చేస్తున్న పని మధ్యలో లాక్కుని పూర్తిచెయ్యకండి. చేసేది భర్త అయినా సరే.

నవంబరు

అసలు దెబ్బ ఇప్పుడు తగిలింది. అప్పటికి నేను బాగానే ఉన్నాను. అన్నం తింటున్నాను, వీధి చివరిదాకా నడుస్తున్నాను, మా అత్తగారితో మళ్ళీ సమానంగా వాదిస్తున్నాను. అలాంటి రోజుల్లో ఒక ఉదయం తలగడ మీద వెంట్రుకలు. స్నానాల గదిలో వెంట్రుకలు. తలలో చెయ్యి పెట్టి తీస్తే వేళ్ళనిండా వెంట్రుకలు. జ్వరం తిరగబెట్టిందనుకుని రక్తం పరీక్షకి పరిగెత్తాను. ఏమీ లేదు.

డాక్టరు నవ్వుతూ చెప్పాడు. పెద్ద జ్వరం వచ్చిపోయాక జుట్టు ఇలాగే రెండు మూడు నెలలు ఆగి రాలుతుందట. ఆగిపోతుందట. మళ్ళీ వస్తుందట. తొందరపెట్టడానికి మందేమీ లేదట. టైఫాయిడ్ వచ్చిన ఆ పిల్లకి ఫోన్లో చెప్పింది ఇదే. నాకు ఇది ముందే తెలిసుంటే రాలేది ఆగదు కానీ, ఆ పరీక్ష ఫలితం వచ్చేదాకా చచ్చిపోతున్నానని అనుకోకుండా ఉండేదాన్ని.

ఇంట్లో గొడవ మొదలైంది. నేను పేలదువ్వెన పెట్టినందుకే అని అత్తగారు. ఆవిడ దువ్వనివ్వనందుకే అని నేను. మా ఆయన రేడియో చప్పుడు పెంచారు.

నవంబరు నెలాఖరుకి తల ముందు వైపు పాపిడి వెడల్పయింది, అంతే. వెనక మాత్రం, మెడకి పైన, అరచెయ్యంత మేర చర్మం కనబడేది. రెండు అద్దాలు పెట్టుకుని చూసుకున్నాను. ఒకసారే చూశాను.

సెలవు అప్పటికే రెండుసార్లు పొడిగించాను. మూడోసారి రాస్తే హెడ్మిస్ట్రెస్ నుంచి ఉత్తరం వచ్చింది. జనవరిలో సెలవులయ్యాక బడి తెరిచే రోజున చేరకపోతే నా స్థానంలో వేరొకర్ని వేస్తారు, నాకు సీతంపేట వైపు ఖాళీ చూస్తారు. అంటే క్వార్టర్సు పోతుంది, ఆయనొక చోట, నేనొక చోట.

చేరాలి. చేరడానికి ఒంట్లో ఓపిక వచ్చింది కూడా. కానీ లెక్కల టీచరంటే ఏమిటో ఆలోచించండి. తెలుగు టీచరు గంటంతా పిల్లల వైపే తిరిగి పద్యం చెప్పొచ్చు. లెక్కల టీచరు బోర్డు వైపు తిరగాలి. ముప్పావు గంటలో అరగంట నా వీపూ నా తల వెనక భాగమూ నలభై మంది ఆడపిల్లల ముందు ఉంటాయి. పైట కప్పుకుంటే? రాయడానికి చెయ్యెత్తగానే జారుతుంది. ఇంట్లో తలుపు మీద సుద్దముక్కతో రాసి చూశాను. మూడో అక్షరానికే జారింది.

ఆడపిల్లలు ఎలా చూస్తారో నాకు తెలుసు. పదకొండేళ్ళుగా వాళ్ళని చూస్తున్నాను. అందుకని నిశ్చయించుకున్నాను. జుట్టుతో వెళ్తాను, లేకపోతే వెళ్ళను.

డిసెంబరు

అరకు బజారులో గాజుల కొట్టు వెనక గదిలో చిలకమ్మ బ్యూటీ పార్లరు పెట్టింది. కొండ పిల్ల, మా బడిలోనే పదో తరగతి దాకా చదివింది. విశాఖలో ఆరు నెలలు శిక్షణ పొందింది. సవరాలు కడుతుంది, పెళ్ళికూతుళ్ళకి జడలు వేస్తుంది, అంటించే జుట్టు కూడా తెప్పిస్తుంది. అంతకుముందు ఆమె తల్లి సంతలో కూర్చుని కొండ ఆడవాళ్ళ పక్క కొప్పుల్లోకి పెట్టే జుట్టు చుట్టలు కట్టేది. చిలకమ్మ చిన్నప్పటి నుంచి ఆ చుట్టల మధ్యే పెరిగింది.

శుక్రవారం సంత రోజు, జనం హడావుడిలో నన్నెవరూ చూడరని తల మీద ముసుగు వేసుకుని వెళ్ళాను. లోపల ఒక పెళ్ళికూతురు, ఆమెతో ముగ్గురు. బెంచీ మీద గంట కూర్చున్నాను. ఆసుపత్రి మంచం మీద కంటే ఆ గంట కష్టంగా గడిచింది. ఆసుపత్రిలో అందరిదీ రోగి మొహమే. ఇక్కడ నాదొక్కదానిదే.

వాళ్ళు వెళ్ళాక చిలకమ్మ లేచి నిలబడింది. "మేడమ్! మీరు వొస్తారనుకోనేదు. కబురెడితే నేనే ఇంటికొచ్చీదాన్ని కదా?"

"సవరం కావాలి. బడి తెరిచే రోజుకి" అని ముసుగు తీశాను.

ఆమె ఒక్క క్షణం కూడా మొహం మార్చలేదు. అందుకు ఇప్పటికీ ఆమెని మెచ్చుకుంటాను. అద్దం ముందు కుర్చీలో కూర్చోబోతే ఆపింది.

"అక్కడొద్దు. గుమ్మంకాడ కూకోండి."

"ఎందుకు? అద్దంలో నన్ను చూళ్ళేకా?"

"ట్యూబులైటు అబద్దాలు సెప్తాది మేడమ్. ఎండ సెప్పదు."

గుమ్మంలో స్టూలు మీద కూర్చున్నాను. ముందు ఆమె పాపిడి పాపిడిగా తీసి చర్మం చూసింది. వేలికొసతో వెనక భాగమంతా తడిమింది.

"నొప్పుందేటి?"

"లేదు."

"ఉంది. సెయ్యేస్తే మెడ బిగదీసినారు."

తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక సన్న పాయ పట్టుకుని, కుదురు నుంచి కొస దాకా జార్చింది. లాగలేదు, జార్చిందంతే. వేళ్ళకి వచ్చినవాటిని మోకాలి మీద తెల్ల తువ్వాలు పరిచి దాని మీద పెట్టింది. మెడ తిప్పి నేనే లెక్కపెట్టాను. తొమ్మిది.

"రెండో మూడో అయితే సరే అనుకుందును" అంది. "ఇలా సూడండి. దీనికి కుదురుకాడ తెల్లగా గింజుంది కదా? ఇది రాలింది. దీనికి గింజ నేదు, ఇది మద్దెలోన తెగింది. రాలడమూ అవుతంది, తెగడమూ అవుతంది మీకు. ఒక్కటైతే ఏదో సేద్దును."

గిన్నెలో నీళ్ళు తెచ్చి, తెగని ఒక వెంట్రుక తడిపి, రెండు చేతుల వేళ్ళకీ చుట్టి మెల్లగా లాగింది. "బాగున్న జుత్తు తడిపి లాగితే సాగి, ఒదిలితే ఎనక్కి ఎల్లిపోతాది." నాది సాగింది. వదిలితే వెనక్కి వెళ్ళలేదు, వాడిన తీగలా వేలాడింది. ఇంకొంచెం లాగితే చప్పుడు లేకుండా తెగిపోయింది. తన జడలోంచి ఒకటి తీసి అలాగే చేసి చూపించింది. అది సాగి, మళ్ళీ చుట్టుకుంది.

చివరికి నా మెడ వెనక తన వేళ్ళు కొలతగా పెట్టింది. "సవరం ముడెయ్యాలంటే ఇక్కడ జానెడు కావాల. మీకు వేలెడుంది."

"పైనున్న జుట్టుకి కట్టు. తేలికైన సవరం చెయ్యి."

"తేలికదే మేడమ్. మీ జుత్తు దాని బరువే అది మొయ్యనేకపోతంది. ఇంకోదాన్ని ఎక్కించమంటారేటి?"

"మరి అంటించేది?"

"అది మరీ అన్నేయం. జిగురు ఎండాక లాగుతాది."

నాకు ఒళ్ళు మండింది. నేను టీచర్ని, నాకు "కాదు" అని చెప్పేవాళ్ళు తక్కువ. "చిలకమ్మా, నీకు లెక్కలు నేర్పింది నేను. నాకా చెప్తున్నావు?"

"లెక్కలు మీరే నేర్పినారు. జుత్తు మా అమ్మ నేర్పింది." కోపంగా అనలేదు, తువ్వాలు దులుపుతూ అంది. "ఒకామె, బాలింత, జుత్తు రాలిపోతందని మా అమ్మకాడికొచ్చింది. పండగుంది, కొప్పు నిండుగా కావాలని ఏడిసింది. మా అమ్మకి జాలేసి కట్టీసింది. పదిరోజులు బాగుంది. తరవాత ఇక్కడ, రూపాయి బిళ్ళంత, కుదురే సచ్చిపోనాది. ఇప్పటికీ మొలవనేదు. మా అమ్మ మరెవులికీ అలా కట్టనేదు."

ఆమే అంది మళ్ళీ. "ఆరో తరగతిలో సేరినప్పుడు నా జుత్తు నడుందాకా ఉండీది. మీరు కోయించీసినారు. అప్పుడు నన్ను ఏటీ అడగనేదు."

"పేలున్నాయి, హాస్టలంతా పాకుతాయి, ఏం చెయ్యమంటావు?"

"పేలున్నాయి. కాదన్నానేటి? కుదురు బాగుంది కాబట్టి మళ్ళీ వొచ్చింది. మీదీ వొస్తాది. దాన్ని ఇప్పుడు లాగకండి, అంతే. కావాలంటే తెగినదంతా ఒక్క సమానంగా కత్తిరించి పెడతాను. సూడ్డానికి పలసన కనబడదు."

"మగవాళ్ళలాగా తిరగమంటావా? బోర్డు వైపు ఎలా తిరగను పిల్లల ముందు?"

ఆమె తల దించుకుని తువ్వాలు మడతపెట్టింది. నాకు కొంచెం గెలిచినట్టనిపించింది. ముసుగు వేసుకుని వచ్చేశాను.

రెండు వారాలాగి మళ్ళీ వెళ్ళాను. ఈసారి తువ్వాలు మీద ఆరు పడ్డాయి. "తగ్గుతంది" అంది సంతోషంగా. తడిపి లాగిన వెంట్రుక మాత్రం మళ్ళీ తెగింది. మళ్ళీ కాదంది. నేను బతిమాలాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, బతిమాలాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా కాదంది.

ఇంటికొచ్చి ఆ పిల్లకి పొగరని అరగంట తిట్టాను. మా అత్తగారు నాతో కలిసింది. "నిన్నగాక మొన్న పుట్టిన గుంట, దానికేటి తెలుస్తాది! పద, విశాఖపట్నంలో పెద్ద పెద్ద పార్లర్లున్నాయి." మా ఆయన రేడియో తగ్గించారు. ఆయన రేడియో తగ్గించారంటే ఏదో చెప్తారని.

"కడితే ఆ అమ్మాయికి బేరం. కట్టకపోతే ఏమీ లేదు" అన్నారు. "బేరం వదులుకుని చెప్పిన మాట ఒకసారి ఆలోచించు."

"మీరు కూడానా?" అన్నాను. ఆయన రేడియో మళ్ళీ పెంచారు.

జనవరి

బడి తెరవడానికి మూడు రోజులుంది. ఉదయం మొదటి బస్సులో ఘాట్ రోడ్డు దిగి, నేనూ ఆయనా విశాఖపట్నం వెళ్ళాం. అద్దాల తలుపుల పార్లరు. మగవాళ్ళు లోపలికి రాకూడదంటే ఆయన బయట మెట్ల మీద కూర్చున్నారు.

లోపలి అమ్మాయి చాలా మర్యాదస్థురాలు. నా తల ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, "నో ప్రాబ్లమ్ మేడమ్. టూ అవర్స్‌లో నడుం దాకా వచ్చేస్తుంది. ఎవరూ కనిపెట్టలేరు" అంది. నాలుగు నెలల్లో నాతో ఎవరూ అంత మంచి మాట అనలేదు. కుర్చీలో వెనక్కి వాలాను. ఆమె నల్లటి జుట్టు పాయలు ఒక్కొక్కటీ బల్ల మీద పరుస్తోంది. నిగనిగలాడుతున్నాయి. జిగురు వేడెక్కుతున్న వాసన.

హాయిగా కళ్ళు మూసుకుని ఉండాల్సినదాన్ని. నోరు ఊరుకోలేదు.

"తడిపి చూడవా?" అన్నాను.

"ఏంటి మేడమ్?"

"నా జుట్టు. తడిపి, లాగి చూడవా, మోస్తుందో లేదో?"

"అవసరం లేదు మేడమ్. మన జిగురు చాలా స్ట్రాంగ్."

"జిగురు సంగతి కాదమ్మా నేనడిగేది. ఏ కొమ్మకి ఉయ్యాల కడుతున్నావో ఆ కొమ్మ సంగతి."

"కొంచెం వీక్‌గానే ఉంది. జ్వరం వచ్చిందన్నారు కదా. ఏం పర్లేదు, చాలామంది వస్తారు."

"వాళ్ళు మళ్ళీ వస్తారా? ఆరు నెలలాగాక వాళ్ళ తలలు చూశావా?"

ఆ పిల్ల బిక్కమొహం వేసింది. పాపం, దానికి ఎవరూ నేర్పలేదు. నాకు అప్పుడు తట్టింది, చిలకమ్మతో నెల రోజులుగా పోట్లాడిన మనిషినే ఇక్కడ కూర్చుని చిలకమ్మ తరఫున వాదిస్తున్నానని. అయినా నేను ఇంకొకరి మాట మీద నమ్మేదాన్ని కాదు. పక్కనున్న గ్లాసులో వేలు ముంచి, చెవి పక్క నుంచి ఒక వెంట్రుక తీసి తడిపాను. రెండు చేతుల వేళ్ళకీ చుట్టుకున్నాను. ఇప్పుడు చూసేది నేను, లాగేది నేను, చెప్పేది నేను. తెగకపోతే బాగుండునని ఎంతగా అనుకున్నానో చెప్పలేను. మెల్లగా లాగాను. సాగింది. ఒక్క క్షణం ఆశ పడ్డాను. వదిలాను. వెనక్కి వెళ్ళలేదు.

మెడకి కట్టిన గుడ్డ విప్పేసుకుని లేచాను. "వద్దులేమ్మా. నీ తప్పేం లేదు. ఇకమీదట మాత్రం ఎవరికైనా కట్టేముందు తడిపి చూడు. గుమ్మంలో కూర్చోబెట్టి చూడు."

మెట్ల మీద మా ఆయన వేరుశనక్కాయలు తింటున్నారు. నా ముసుగు వైపు చూసి, "అప్పుడే అయిపోయిందా?" అన్నారు.

"అయిపోయింది."

చేతిలో ఉన్న కాయల్లో సగం నాకు పెట్టారు. బస్సులో ఘాట్ ఎక్కుతున్నంతసేపూ ఏడ్చాను. ఒక్క మలుపు దగ్గర మాత్రం ఆయన, "సీతంపేట కూడా మంచి ఊరేనట" అన్నారు. "నోరు ముయ్యండి" అన్నాను. ఇద్దరికీ కొంచెం నవ్వొచ్చింది.

మర్నాడు చిలకమ్మ దగ్గరికి వెళ్ళి, గుమ్మంలో స్టూలు మీద నేనే కూర్చున్నాను. "కత్తిరించు" అన్నాను. ఎక్కడికి వెళ్ళొచ్చానో చెప్పలేదు. ఆమె అడగలేదు. చెవుల కిందికి, ఒక్క సమానంగా, మెల్లగా కత్తిరించింది. అయిపోయాక అద్దం ఇవ్వబోతే వద్దన్నాను.

"తేలిగ్గా ఉందా మేడమ్?"

"చలిగా ఉంది" అన్నాను. నిజమే, జనవరిలో అరకు చలి మెడ మీద నేరుగా తగిలింది.

ఇంట్లో మా అత్తగారు చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మ, మొగగుంటడినాగ అయిపోనావేటే!" అంది. లోపలికి వెళ్ళి వలిసె నూనె గోరువెచ్చగా చేసి తెచ్చి, నన్ను కింద కూర్చోమంది. వెనక భాగమంతా వేళ్ళతో రాసింది, దువ్వెన పెట్టకుండా. రాస్తూ రాస్తూ, "ఆ రోజు దువ్వుకోనిచ్చీవలసింది నిన్ను" అంది. నేను, "దోమ కుట్టింది అత్తయ్యా, మీరేం చేస్తారు" అన్నాను. మా ఇంట్లో సంధి అంటే అంతే.

బడి తెరిచిన రోజు ముసుగు వేసుకోలేదు. ఎలాగూ జారేదే. హెడ్మిస్ట్రెస్ నా తల వైపు చూడకుండా సంతకం పెట్టించుకుంది. మొదటి పీరియడు ఎనిమిదో తరగతి.

నలభై మందీ లేచి నమస్కారం చెప్పారు, కూర్చున్నారు. నా మొహం చూశారు, చెవుల దాకా చూశారు. ఇంకా వెనక చూడలేదు. పది నిమిషాలు వాళ్ళ వైపే తిరిగి మాట్లాడాను. ఆరోగ్యం ఎలా ఉందో చెప్పాను. సెలవుల్లో ఎవరు ఏం చదివారో అడిగాను. ఎక్కాలు అప్పజెప్పించాను, ఎనిమిదో తరగతి పిల్లల చేత! నేను దేన్ని తప్పించుకుంటున్నానో వాళ్ళకి తెలిసిపోయిందేమో అనిపించింది. సుద్దముక్క చేతిలో చెమటకి తడిసింది.

తిరిగాను.

కుండలీకరణం తెరిచి మొదటి లైను రాశాను. చెయ్యెత్తగానే పైట జారింది, సర్దుకోలేదు. రెండో లైను రాశాను. వెనక చీమ చిటుక్కుమనడం లేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. నలభై జతల కళ్ళు ఒకే చోట ఆగినప్పుడు వచ్చేది. ఆ చోటు ఎక్కడో కూడా తెలుసు. మెడకి పైన, అరచెయ్యంత. మూడో లైను రాశాను. అంకెలు తిన్నగానే పడ్డాయి.

"మేడమ్."

వెనక బెంచీ నుంచి. నేను తిరగలేదు. "ఏమిటి?"

"మూడో లైన్లోన మైనసు మర్సిపోనారు మేడమ్."

చూశాను. నిజమే. మైనసు లేదు.

"కావాలనే వదిలాను" అన్నాను. "ఎవరు చూస్తారోనని."

ఒక్కళ్ళు కూడా నమ్మలేదు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత తరగతంతా నవ్వింది. నేను మైనసు పెట్టి, వాళ్ళ వైపు తిరగకుండానే నాలుగో లైను మొదలుపెట్టాను.